వయోవృద్ధులు, జ్ఞానవృద్ధులు
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగపాఠము)



గతవత్సరపు సభలో మేము విదురనీతినిగూర్చి నాలుగు మాటలు చెప్పియుంటిమి. సభ ముగిసిన పిమ్మట మన సంఘమునకు చెందిన క్రైస్తవ సోదరులొకరు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, పెద్దరికమునుగూర్చి మా గ్రంథమందును చాల గలదు. ఒక్క పర్యాయము దానినిగూర్చియు చెప్పరాదా?" యని యడిగిరి. మన కులమునందు దేవాలయమునకు పోవువారును గలరు, చర్చికి పోవువారును గలరు. పెండ్లిపందిట ఇరుతెగలవారును ఒకే బంతిని కూర్చుండి భుజింతురు. కావున ఆ సోదరుని కోరిక న్యాయమైనదే యని మాకు తోచినది. సంస్కృతము చెప్పుకొని బ్రతికిన మాకు ఈ గ్రంథమునందు పాండిత్యము లేదు. అయినను ఈ సంవత్సరమంతయు తెలుగు బైబిలును ముందుంచుకొని శ్రద్ధతో చదివితిమి. చదివినకొలది ఒక ప్రశ్న మమ్ము వెంటాడినది. వయస్సు పెరిగినంతమాత్రమున, హోదా కలిగినంతమాత్రమున మనుష్యునకు వివేకము కలుగునా?

ఈ ప్రశ్నను మేము కాలక్షేపమునకై వేయుట లేదు. ఈ మధ్యాహ్నము మన సభముందునకు ఒక నియమసవరణ రానున్నది. కార్యవర్గమునకు నిలుచువారికి యాబది యేండ్లు నిండియుండవలెననియు, వారు పోషకచందా చెల్లించినవారై యుండవలెననియు దాని సారాంశము. ఈ రెండు అర్హతలును మాకు గలవు. మా వయస్సు అరువదియేడు. చందా మా పూర్వశిష్యులు చెల్లించిరి. కావున మేము చెప్పబోవునది అసూయచే పలికెడు మాట కాదని ముందుగనే మనవి చేసికొనుచున్నాము.

బైబిలు గ్రంథము వృద్ధులను తేలికపరచునని యెవ్వరును తలంపరాదు. తల్లిదండ్రులను సన్మానింపవలెననుట పది యాజ్ఞలలో నొకటి. తలనెరసినవాని యెదుట లేచి నిలువవలెనని లేవీయకాండము విధించుచున్నది. నెరసిన వెండ్రుకలు కిరీటము వంటివని సామెతల గ్రంథము చెప్పుచున్నది. కాని అచ్చటనే ఒక నిబంధన గలదు. ఆ కిరీటము నీతిమార్గమున నడచినవారికి దొరకునది. దారి ఏదైనను నడచిన దూరమునుబట్టి దొరకునది కాదు. వయస్సునకు గౌరవము చూపుట మన విధి. వయస్సున్నచోట వివేకమున్నదని నమ్ముట వేరు సంగతి. ఈ రెంటిని మనము తరచుగా కలిపివేయుచున్నాము.

ఆదికాండము అయిదవ అధ్యాయమున మెతూషెల యను నొక పురుషుడు గలడు. ఆతని ఆయుర్దాయము 969 సంవత్సరములు. ఆ గ్రంథమంతటిలో అంతకాలము బ్రతికినట్లు చెప్పబడినవాడు మరియొకడు లేడు. అతడు 187వ యేట ఒక కుమారుని గనెననియు, పిమ్మట కుమారులను కుమార్తెలను గనెననియు, తుదకు మృతినొందెననియు వ్రాయబడినది. అతడు పలికిన హితవచనము గాని, తీర్చిన తగవు గాని, చేసిన యుపకారము గాని ఒక్కటియు అందు గానరాదు. మేమీ భాగమును చదివి కొంతసేపు పుస్తకమును మూసి కూర్చుంటిమి. తొమ్మిదివందల యేండ్లకే అంత మాత్రము మిగిలినప్పుడు, అరువదియేడేండ్లను చూచుకొని మురియు మావంటివారి మాట యేమి?

సొలొమోను చరిత్ర యింకను విచిత్రమైనది. రాజ్యము క్రొత్తగా చేతికి వచ్చిన దినములలో దేవుడు స్వప్నమున కనబడి వరము కోరుమనగా, అతడు తాను చిన్నవాడననియు, ప్రజలను పాలించు విధము తెలియనివాడననియు చెప్పుకొని, మంచిచెడ్డలను వివేచించు హృదయమును మాత్రమే కోరెను. దీర్ఘాయువును, ధనమును, శత్రునాశమును కోరలేదు. అట్టి జ్ఞాని వృద్ధుడైన పిమ్మట ఏమయ్యెను? అతని హృదయము దారి తప్పెనని మొదటి రాజుల గ్రంథము పదునొకండవ అధ్యాయమున స్పష్టముగా చెప్పుచున్నది. తనకు తెలియదని యెరిగిన దినమున జ్ఞానము దొరకినది. ఐశ్వర్యమును, కీర్తియును, వయస్సును నిండిన దినమున అది చేజారినది. పురుషుడొక్కడే. కావున ఈ విషయమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము మాకు కనబడలేదు.

ఇక యోబు గ్రంథము. నలువదిరెండు అధ్యాయములుగల ఈ గ్రంథము మా దృష్టిలో పెద్దలందరును ఏడాదికొకసారి పారాయణము చేయదగినది. యోబు ధర్మాత్ముడు. ఆస్తి పోయినది, సంతానము పోయినది, దేహమంతయు కురుపులతో నిండినది. అతనిని ఓదార్చుటకు ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు మిత్రులు వచ్చిరి. వారు మొదట చేసినపని మెచ్చదగినది. అతని దుఃఖమును చూచి ఏడు దినములు, ఏడు రాత్రులు నోరు మెదపక అతనితోకూడ నేలపై కూర్చుండిరి. ఆ ఏడు దినములలో వారివలన ఒక్క తప్పును జరుగలేదు.

ఎనిమిదవనాడు మొదలు వారు మాటలాడ నారంభించిరి. పాపము చేయనివానికి ఇట్టి కష్టము రాదనియు, కావున నీవేదియో దాచినపాపము చేసియుందువనియు ఒకరి తరువాత ఒకరు వాదించిరి. తాము చూచినది, పూర్వులు చెప్పినది ఎదుట పెట్టిరి. వారి సిద్ధాంతమునకు ఆ మనుష్యుడు ఒదుగలేదు. సిద్ధాంతమును సవరించుకొనుటకు బదులు వారు మనుష్యునే నిందించిరి. సభాసదులారా, ఈ రోగము మనకు క్రొత్తది కాదు. ఒకని యింట పంట పోయినను, ఒకని కూతురు పుట్టింటికి తిరిగి వచ్చినను, అరుగుపై కూర్చుండిన పెద్దలము కారణము వారియందే వెదకుదుము గదా!

ఆ సంభాషణ జరుగుచుండగా అక్కడ ఎలీహు అను యువకుడుండెను. ముప్పదియొకటవ అధ్యాయము ముగియువరకు అతని పేరైనను వినబడదు. వారందరు తనకంటె పెద్దవారు గావున అతడు వారి మాటలు ముగియువరకు ఓపికపట్టెను. వారికి సమాధానము తోపనప్పుడు లేచి, వయస్సు మాటలాడవలెనని తానును తలంచితిననియు, కాని గ్రహింపు దేవుడూదిన శ్వాసవలన కలుగునేగాని యేండ్ల లెక్కవలన కాదనియు చెప్పెను. పిమ్మట ఆరు అధ్యాయముల పర్యంతము మాటలాడెను. కట్టు విప్పని క్రొత్త ద్రాక్షారసపు తిత్తివలె తన కడుపు పగులనున్నదని అతడే చెప్పుకొనెను!

తుదకు దేవుడు ప్రత్యక్షమై తీర్పు చెప్పెను. ముగ్గురు పెద్దలు తననుగూర్చి యుక్తమైనది పలుకలేదని కోపించెను. వారికొరకు ప్రార్థింపవలసినవాడు వారు నిందించిన ఆ యోబే యని విధించెను. ఎలీహునుగూర్చియో, మెచ్చుకోలును లేదు, మందలింపును లేదు. ఈ మౌనము మమ్ము చాల ఆలోచింపజేసినది. పెద్దలు తప్పిరి గావున చిన్నవాడే సర్వజ్ఞుడని ఆ గ్రంథము కిరీటము పెట్టలేదు. అతనికి మాటలాడు తావు మాత్రమిచ్చినది. న్యాయముగా అతనికి రావలసినదియు అదియే.

ఈ మాట విని మన యువకులు సంతోషించుచుందురు. వారికిని ఒక కథ గలదు. సొలొమోను కుమారుడైన రెహబాము సుమారు క్రీస్తు పూర్వము 930వ సంవత్సరమున పట్టమునకు వచ్చెను. ప్రజలు షెకెములో కూడి, నీ తండ్రి పెట్టిన బరువు తగ్గింపుమని వేడుకొనిరి. అతడు మూడు దినములు గడువడిగి, తండ్రికొలువున నున్న వృద్ధులను సంప్రతించెను. నీవు నేడు ఈ ప్రజలకు సేవకుడవైనచో వారు కలకాలము నీకు సేవకులగుదురని వారు చెప్పిరి. తనతో పెరిగిన ఈడువారు మాత్రము బరువు ఇంకను పెంచుమనిరి. అతడు రెండవ ఆలోచనను గైకొనెను. పది గోత్రములు ఆ దినముననే విడిపోయినవి. చిత్రమేమన, రెహబాము అప్పటికి నలువదియొక్క యేండ్లవాడు. ఆ వయస్సున ప్రాయమును నిందించి తప్పించుకొనుటకు వీలులేదు. ఇచ్చట వృద్ధుల మాట సరియైనది. వారు వృద్ధులగుటవలన కాదు, ప్రజల బాధను విని పలుకుటవలన సరియైనది.

హోదానుగూర్చి రెండు మూడు మాటలు. నయమాను సిరియారాజునకు సేనాపతి, పరాక్రమశాలి, కుష్ఠరోగి. అతని రోగము కుదురుటకు దారి చూపినది అతని భార్యయొద్ద పరిచారికగానున్న బాలిక. యుద్ధమున చెరపట్టబడి వచ్చిన దాసి. ఆమె మాటనుబట్టి అతడు బండ్లతోడను, బంగారముతోడను ఎలీషా ప్రవక్త గుమ్మమునకు పోయెను. ప్రవక్త బయటికి రాక, యొర్దానునదిలో ఏడుమారులు స్నానము చేయుమని కబురంపెను. సేనాపతి తనకు మర్యాద జరుగలేదని కోపముతో వెనుదిరిగెను. అప్పుడు బుద్ధి చెప్పినవారు ఎవరు? అతని సేవకులు. ప్రవక్త కష్టమైన పని చెప్పియుండినచో చేయుదువు గదా, ఇంత సులభమైనదానిని చేయరాదా యని వారు నచ్చజెప్పిరి. ఆ కథలో సరియైనమాట పలికినవారికి పేర్లైనను లేవు.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మన సభలకే వ్రాయబడినదా యనిపించును. బంగారుటుంగరము పెట్టినవాడు సమాజమందిరమునకు వచ్చినచో మంచి ఆసనము చూపి, మాసినబట్టల బీదవానిని అక్కడ నిలువుమనుట తప్పని అందు గలదు. ఈ పందిట ముందువరుసలో మెత్తని సోఫాలు గలవు, వెనుక మడతకుర్చీలు గలవు. మేమును సోఫామీదనే కూర్చుంటిమి గావున ఇంతకంటె చెప్పజాలము. ప్రసంగి గ్రంథమున ఒక చిన్న పట్టణపు కథ గలదు. గొప్పరాజు దానిని ముట్టడించెను. ఆ యూరిలోని బీదవాడొకడు తన జ్ఞానముచే దానిని కాపాడెను. పిమ్మట వానిని ఎవ్వరును తలపలేదు. మన సంచికలో దాతల ఛాయాచిత్రములు పుటపుటకు ముద్రింపబడుచున్నవి. ముద్రింపవలసినదే. కాని ఊరిని కాపాడినవాని చిత్రమునకు ఒక్క పుటయైనను మిగిల్చితిమా?

వయస్సును హోదాయు రెండును కలిసి తప్పుదారి పట్టినచో ఎంతటి కీడు కలుగునో సూసన్న కథ చెప్పును. ఇది దానియేలు గ్రంథపు గ్రీకు ప్రతులలో నున్నది. కతోలికులు దీనిని పదుమూడవ అధ్యాయముగా చదువుదురు. ప్రొటెస్టంటుల బైబిలులో ఇది చేరదు. బబులోనులో ఇద్దరు వృద్ధులు ఆ యేట న్యాయాధిపతులుగా నియమింపబడిరి. వారు సూసన్న యను గృహిణిని చెరుపబూనిరి. ఆమె లొంగనందున, తోటలో ఆమె పరపురుషునితో నుండగా చూచితిమని సాక్ష్యము చెప్పిరి. వారు పెద్దలును, న్యాయాధిపతులును గావున సభ వారి మాటను నమ్మి ఆమెకు మరణశిక్ష విధించినది. ఆమెను కొనిపోవుచుండగా దానియేలు అను యువకుడు అడ్డుపడి, సాక్షులను వేరువేరుగ విచారింపవలెననెను. ఏ చెట్టుక్రింద చూచితిరని యడుగగా ఒకడొక చెట్టు పేరును, రెండవవాడు మరియొక చెట్టు పేరును చెప్పెను. అంతటితో అబద్ధము బయటపడినది.

ఈ కథలో మేము గురుతుంచుకొనినది మరియొకటి గలదు. దానియేలు అడ్డుపడినప్పుడు మిగిలిన పెద్దలు వానిని గద్దింపలేదు. వచ్చి మా నడుమ కూర్చుండుము, దేవుడు నీకు పెద్దరికమిచ్చెనని పిలిచిరి. ఆ పిలుపు లేకున్నచో ఒక నిరపరాధిని ప్రాణము పోయియుండెడిది.

ఇప్పుడు మా తప్పు చెప్పుకొనవలసియున్నది. ఎనిమిదేండ్ల క్రిందట మనము విద్యార్థి వసతిగృహము కట్టదలచితిమి. దాత యొకరు చెరువునకు దిగువన ఎకరము నేల ఇచ్చిరి. ఆలోచనసభకు మన కులములోనే దర్జీపని చేయు కుటుంబపు అమ్మాయి యొకతె వచ్చెను. పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగు డిప్లొమా ముగించినది. వయస్సు ఇరువదిమూడేండ్లు. పెద్దలందరు మాటలాడువరకు ఓపికతో కూర్చుండి, పిమ్మట గ్రామపటమును విప్పి చూపినది. చెరువు నిండి అలుగు పారినప్పుడు నీరు పోవు దారి ఈ నేలమీదుగనే యున్నదనియు, కట్టడము వేరుచోటనైన కట్టవలెను, లేక పునాది నాలుగడుగులు ఎత్తు చేయవలెననియు చెప్పినది. పది పండ్రెండేండ్లుగా ఆ అలుగు పారి యుండలేదు. మేమెవ్వరమును అక్కడ నీరు చూచియెరుగము. దాతగారి ముఖము చిన్నబోయినది. అప్పుడు పలికినవారు మరియెవ్వరును కారు, మేమే. "పెద్దలు కూర్చున్నచోట పిల్లలకు మాటలేలనమ్మా?" యంటిమి. సభ నవ్వినది. ఆ అమ్మాయి పటమును మడచుకొని కూర్చుండినది.

గృహము కట్టిన రెండవయేట కుండపోతగా వానలు కురిసినవి. ఒక రాత్రి అలుగు పారినది. తెల్లవారుసరికి గదులలో మోకాలిలోతు నీరు. దైవకృపచే పిల్లలందరిని చీకటిలోనే బడికి చేర్చగలిగితిమి. బియ్యపుబస్తాలును, పుస్తకములును నానిపోయినవి. ట్రాక్టరుతో వచ్చి పిల్లలను ఎక్కించినవారిలో ఆ అమ్మాయియు నుండెను. మేమామెను చూచియు చూడనట్లు తప్పుకొంటిమి. మూడు నెలలు గడచిన పిమ్మట గాని ఆమె యింటికి పోయి క్షమింపుమని యడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. ఆమె ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. "మాస్టారూ, ఇప్పుడు చేయవలసినదేమో చెప్పనా?" యని మరల ఆ పటమునే తెచ్చి మా ముందు పరచినది. నేడు వసతిగృహము చుట్టునున్న కాలువ ఆమె గీచినది. ఆ విషయము మన సంచికలో ఇంతవరకు ఎక్కలేదు. ఈ ప్రసంగముతో ఎక్కుగాక.

మేమంతకుముందే యోబు గ్రంథము చదివియుండినచో అట్లు చేయకుందుమా? చెప్పలేము. చదువుచే మాత్రమే వివేకము కలుగునని చెప్పినచో అదియు మరియొక హోదాయే యగును. ప్రసంగి గ్రంథము నాలుగవ అధ్యాయమున దీనికి సరియైన మాట గలదు. ముసలిరాజుకంటె బీదవాడైన యువకుడు మేలని చెప్పుచు, ఆ రాజు దోషమేమో కూడ చెప్పినది. ముసలితనము దోషము కాదు, రాజగుటయు దోషము కాదు. ఇక హితము విననేర్వకపోవుటయే దోషము. మోషే ఎనుబదియేండ్లు దాటినవాడు, ఒక జాతికంతటికి నాయకుడు. అయినను మిద్యాను యాజకుడైన తన మామ యిత్రో వచ్చి, ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు ఒక్కడవే తగవులు తీర్చుట మంచిపద్ధతి కాదు, ఇతరులకు పంచిపెట్టుమనగా, వెంటనే అట్లు చేసెను. అన్యదేశస్థుని మాటయని త్రోసివేయలేదు. వినగలిగినంతకాలము వయస్సు కిరీటమే. వినుట మానిన దినమున అది వట్టి లెక్క.

యూదులు తమ ధర్మశాస్త్ర సంప్రదాయమును సుమారు క్రీస్తు శకము 200 ప్రాంతమున మిష్నా యను గ్రంథముగా కూర్చిరి. అందొక నియమము గలదు. ప్రాణదండనకు సంబంధించిన వ్యాజ్యెములలో న్యాయసభ అభిప్రాయములు చెప్పునప్పుడు చిన్నవారినుండి ఆరంభింపవలెను. పెద్దలు ముందు పలికినచో చిన్నవారు భయముచేతనో, భక్తిచేతనో వారి వెనుకనే పోవుదురు. ఇందు పెద్దలకు అవమానమేమియు లేదు. వారి మాట చివరను వచ్చును. అందరి మాటయు విన్న పిమ్మట వచ్చును గావున దానికి బరువును హెచ్చును.

కావున మా మనవి యిది. ఈ మధ్యాహ్నపు నియమసవరణకు మేము వ్యతిరేకముగా చేయియెత్తుదుము. దానికి బదులు మరియొక నియమమును ప్రతిపాదింతుము. మన కార్యవర్గ సమావేశములలో ప్రతి విషయమునందును వయస్సున చిన్నవారు మొదట మాటలాడవలెను, పోషకులును మావంటి వృద్ధులును కడపట మాటలాడవలెను. చందాయెంత యను ప్రశ్న లేక ప్రతి సభ్యునకును, సభ్యురాలికిని పోటీచేయు హక్కు ఉండవలెను. పోషకులు అన్యథా భావింపరాదు. మీ దానముచే మన పిల్లలు చదువుకొనుచున్నారు. వారు చదివినదానిని వినుటకు మనము సిద్ధముగా లేనిచో ఆ దానము సగమే ఫలించినట్లు.

ముగింపుగా ఒక్క పోలిక. మన వనపర్వమున అష్టావక్రుడు పండ్రెండేండ్ల ప్రాయమున జనకుని యజ్ఞశాలకు పోగా, వృద్ధులకే గాని బాలురకు ప్రవేశము లేదని ద్వారపాలకుడు అడ్డగించెను. లూకా సువార్తలో యేసు పండ్రెండేండ్ల బాలుడై యెరూషలేము దేవాలయమున బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు ప్రశ్నలు వేయుచుండెను. ఆ బోధకుల పేర్లు మనకు తెలియవు. కాని వారు ఆ బాలుని తమ నడుమ కూర్చుండనిచ్చిరి. ద్వారమున నిలిచి అడ్డగించుటయా, నడుమ చోటిచ్చుటయా, రెంటిలో ఏది మన పెద్దరికమునకు తగినదో ఈ మధ్యాహ్నము మీరే నిర్ణయింపుడు.